ఓక్ పార్కే నేల: ఎంపిక, అమరిక

ఓక్ కలపను బద్దలుగా కోసి, వాటిని వరుసగానో ఒక అల్లికలోనో కూర్చి, కింది నేలకు జిగురుతోనో మేకులతోనో బిగించి, లేదా ఒకదానికొకటి లంకె వేసి పరిచి, పైన సానపట్టి పూత వేసిన నేలను ఓక్ పార్కే అంటారు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13756 ప్రకారం అరిగే పై పొరలో కనీసం 2.5 మిల్లీమీటర్ల అసలు కలప ఉంటేనే ఆ పేరు చెల్లుతుంది. అంతకంటే పలచని పొర ఉంటే అది వెనీర్ నేల. చెక్క ఫొటోను కాగితం మీద అచ్చువేసి, రెసిన్‌తో హెచ్‌డీఎఫ్ (చెక్కపీచును గట్టిగా నొక్కి చేసిన) పలకకు అతికిస్తే ల్యామినేట్. దుకాణంలో ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయి. పైనుంచి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. నమూనా ముక్కను తిప్పి అంచు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

కొనేవాళ్ల సమయమంతా రంగు, అల్లిక ఎంచుకోవడానికే సరిపోతుంది. నేల పదికాలాలు నిలుస్తుందా, రెండో ఏడాదికే లేచిపోతుందా అన్నది తేల్చేవి మాత్రం వేరే రెండు: కింది గచ్చులో ఎంత తేమ ఉంది, గదిలో గాలి తేమ ఏడాది పొడవునా ఎంత మారుతుంది. ఈ వ్యాసంలో తేమకు దక్కిన చోటు రంగుకు దక్కకపోవడానికి కారణం అదే.

చరిత్ర

పార్కే చరిత్ర మొదలవడం కూడా తడితోనే. ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజప్రాసాదంలో పాలరాతి నేలలను తరచూ కడగాల్సి వచ్చేది. ఆ నీళ్లు కిందికి దిగి, రాతిని మోసే చెక్క దూలాలు కుళ్లేవి. 1684లో పాలరాతికి బదులు ఓక్ పలకలు పరిచే పద్ధతి వచ్చింది. చతురస్రపు చట్రం, లోపల ఐమూలగా అల్లిన బద్దలు, ఒక బద్ద కొస మరో బద్దలో తొలిచిన బెజ్జంలోకి దూరే అతుకులు: ఈ కూర్పును ఇప్పటికీ వెర్సాయ్ పలక అనే పిలుస్తారు.

అదే కాలంలో పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ 1669లో అడవుల చట్టం తెచ్చి, నౌకాదళానికి కలప కావాలని ట్రోన్సే వంటి ఓక్ అడవులను కట్టుదిట్టం చేయించాడు. ఫ్లోరింగుకు పనికొచ్చే మేలిరకం ఓక్ ఎదగడానికి 150 నుంచి 200 ఏళ్లు పడుతుంది. ఆ చెట్లు అందివచ్చే వేళకు ఓడలు ఇనుముతో కట్టడం మొదలైంది. యుద్ధనౌకల కోసం పెంచిన అడవి చివరికి వైన్ పీపాలకు, ఇళ్ల నేలలకు ఉపయోగపడింది.

ఇరవయ్యో శతాబ్దంలో పార్కే రాజభవనాల నుంచి సామాన్యుల ఇళ్లకు, ఆటస్థలాలకు దిగింది. యుద్ధానంతరం కలప కరువులో, 1946లో, అమెరికాలో బోస్టన్ సెల్టిక్స్ జట్టు బాస్కెట్‌బాల్ మైదానానికి టెనెసీ రాష్ట్రపు ఎర్ర ఓక్ పొట్టి ముక్కలను కూర్చి 247 పలకలు చేశారు. పొడవాటి పలకలు దొరక్క చేసిన పని తర్వాత ఆ జట్టుకే గుర్తుగా మారింది. అంతకు ముందే, 1941లో, స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ కేర్ పొరల చెక్క నేలకు పేటెంటు పొందాడు. ఇవాళ ఇంజినీర్డ్ వుడ్ పేరుతో అమ్ముడుపోతున్న సరుకంతా ఆ ఆలోచన నుంచి పుట్టినదే.

కలప గుణాలు

వ్యాపారంలో నాలుగు జాతులు ముఖ్యం. ఐరోపా నుంచి క్వెర్కస్ రోబర్, క్వెర్కస్ పెట్రియా వస్తాయి. కోసిన చెక్కలో ఈ రెంటినీ విడదీసి చూడటం దాదాపు అసాధ్యం కనుక కలిపే అమ్ముతారు. అమెరికా నుంచి తెల్ల ఓక్, ఎర్ర ఓక్ వస్తాయి. తెల్ల ఓక్ చేవలో నీటి నాళాలు సహజంగానే పూడుకుపోయి ఉంటాయి, అందుకే దానితో పీపాలు చేస్తారు. ఎర్ర ఓక్ నాళాలు తెరిచే ఉంటాయి. చిన్న ముక్క కొసన నోరు పెట్టి ఊదితే రెండో కొసన గాలి వస్తుంది. తడి తగిలే చోట ఏది మేలో చెప్పడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. మన హిమాలయాల్లోనూ ఓక్ జాతులున్నాయి. ఉత్తరాఖండ్‌లో బాంజ్ అనే చెట్టు పశువుల మేతకు, వంటచెరకుకు ఆధారం. ఫ్లోరింగు వ్యాపారంలోకి వచ్చేది అది కాదు.

గట్టిదనాన్ని, ఉక్కు గుండును చెక్కలోకి నొక్కి చూసే యాంకా పరీక్షతో కొలుస్తారు. తెల్ల ఓక్ 1360, ఎర్ర ఓక్ 1290 పౌండ్ల బలాన్ని తట్టుకుంటాయి. మన టేకు వెయ్యికి కాస్త అటూ ఇటూ. మడమ మొనదేరిన చెప్పులకూ మంచం కోళ్లకూ టేకు కంటే ఓక్ మెరుగ్గా నిలుస్తుందన్నమాట.

ఓక్‌లో టానిన్లు ఎక్కువ. తడి ఉన్న చోట ఇనుము తగిలితే అవి నీలినలుపు మరకగా మారతాయి. కరక్కాయ నీళ్లలో ముంచిన బట్ట మీద బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టిన ద్రావణంతో గీస్తే శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత పడేదీ ఇదే రసాయనంతో. ఓక్ నేల మీద ఉక్కు పీచుతో రుద్ది తడిగుడ్డ వేసినవాళ్లకు మర్నాడు ఆ కలంకారీ కనిపిస్తుంది. ఇదే టానిన్ వల్ల మేలూ ఉంది: అమ్మోనియా ఆవిరి పట్టిస్తే ఓక్ రంగు వేయకుండానే ముదురు గోధుమకు తిరుగుతుంది. స్మోక్డ్ ఓక్ పేరుతో అమ్మేది చాలావరకు ఇదే.

దుంగను కోసిన తీరు కూడా గమనించాలి. వార్షిక వలయాలకు అడ్డంగా, కేంద్రం వైపు కోసిన బద్ద మీద అద్దపు తునకల్లాంటి మెరుపులు కనిపిస్తాయి. అది అందమే కాదు, అలాంటి బద్ద తేమకు సాగేది మామూలుగా కోసిన బద్ద సాగేదాంట్లో సగమే. ధర ఎక్కువవడానికి న్యాయమైన కారణం ఉందన్నమాట.

ఏకచెక్క, పొరల చెక్క

ఏకచెక్క బద్ద 14 నుంచి 22 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పొరల బద్దలో పైన ఓక్, కింద ప్లైవుడ్‌గానీ అడ్డంగా పేర్చిన మెత్తటి కలపగానీ ఉంటాయి. నారలు ఒకదానికొకటి అడ్డం పడటంతో సాగడం, కుంచించుకుపోవడం బాగా తగ్గుతుంది. ఏకచెక్కే అసలైనదనీ, పొరలది నాసిరకమనీ ఒక అపోహ ఉంది. నిజానికి బద్దలో అరిగే భాగం, పక్క బద్ద నాలుక వచ్చి దూరే గాడికి పైన ఉన్న చెక్క మాత్రమే. గాడి దాకా అరిగితే ఏకచెక్క ఆయుష్షు కూడా తీరినట్టే. 22 మిల్లీమీటర్ల బద్దలో ఆ పై భాగం ఏడెనిమిది మిల్లీమీటర్లకు మించదు. 14 మిల్లీమీటర్ల బద్దలో ఇంకా తక్కువ. కాబట్టి 6 మిల్లీమీటర్ల ఓక్ పొర ఉన్న మంచి ఇంజినీర్డ్ బద్ద పలచటి ఏకచెక్కకు ఏమాత్రం తీసిపోదు. ఒకసారి సానపడితే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు పోతుంది. ఆ లెక్కన 4 మిల్లీమీటర్ల పొరకు రెండు మూడు సానలు, 2.5 మిల్లీమీటర్ల పొరకు మహా అయితే ఒకటి.

గ్రేడు పేర్లు కంపెనీకొకటి. సెలెక్ట్, ప్రైమ్ అంటే ముడులు లేని సమరంగు చెక్క. రస్టిక్ అంటే ముడులు, పగుళ్లు, రంగు తేడాలు ఉన్నది. గ్రేడు చూపుకు సంబంధించింది, బలానికి కాదు. రస్టిక్ నేల మీద గీత పడినా కలిసిపోతుంది కనుక పిల్లలున్న ఇంట్లో అదే తెలివైన ఎంపిక. చూడాల్సింది ఒకటే: చేవ చుట్టూ ఉండే లేత తెల్లచెక్క ఎంత ఉంది? పిండిపురుగు తొలిచేది దాన్నే.

సరుకు ఎక్కడిదో అడగడం కూడా ఎంపికలో భాగమే. రష్యా తన మంగోలియన్ ఓక్‌ను 2014లో, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు మూడో అనుబంధంలో చేర్పించింది. ఆ కలప సరిహద్దు దాటాలంటే పత్రాలు ఉండాలి. ఎఫ్‌ఎస్‌సీ, పీఈఎఫ్‌సీ ముద్రలు అడవి నిర్వహణకు సంబంధించినవి, నాణ్యతకు కావు.

కింది నేల, తేమ

ఓక్ చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను పీల్చుకుంటూ వదులుతూ ఉంటుంది. గాలి తేమ 30 శాతమైతే చెక్కలో తేమ సుమారు 6 శాతం దగ్గర నిలుస్తుంది; 50 శాతానికి 9, 80 శాతానికి 16. మామూలుగా కోసిన తెల్ల ఓక్ చెక్క, తనలో తేమ ఒక్క శాతం పెరిగితే వెడల్పులో 0.365 శాతం సాగుతుంది. చిన్న అంకెలాగే ఉంది. చెక్కలో తేమ 4 శాతం పెరిగిందనుకుందాం. 180 మిల్లీమీటర్ల వెడల్పు బద్ద 2.6 మిల్లీమీటర్లు సాగుతుంది. నాలుగు మీటర్ల గదికి మొత్తం లెక్కేస్తే 58 మిల్లీమీటర్లు! జిగురు, మేకులు చాలావరకు పట్టి ఉంచుతాయిగానీ, చోటు లేకపోతే నేల మధ్యలో గుడారంలా లేస్తుంది. గోడ చుట్టూ 10 నుంచి 15 మిల్లీమీటర్ల సందు వదిలి స్కర్టింగుతో కప్పేది అందుకే. ఆ సందులోకి సిమెంటో పుట్టీయో దట్టించే మేస్త్రీలున్నారు. పని అయ్యేదాకా వాళ్లను ఓ కంట కనిపెట్టాలి.

గాలి తేమ కంటే ప్రమాదకరమైనది గచ్చులోని తేమ. కొత్త సిమెంటు గచ్చు పైకి పొడిగా కనిపిస్తుంది, లోపల నీరుంటుంది. మొదటి 50 మిల్లీమీటర్ల మందానికి మిల్లీమీటరుకు ఒక రోజు చొప్పున, ఆపైన మందానికి ఇంకా నెమ్మదిగా ఆరుతుందని పనివాళ్ల అంచనా. అంచనాను నమ్మి పరిచేయకూడదు, కొలవాలి. ఐరోపాలో వాడుకలో ఉన్నది కార్బైడ్ పరీక్ష. గచ్చును లోతు దాకా ఉలితో కొట్టి, వచ్చిన ముక్కలను రోట్లో నలిపి, 50 గ్రాములు తూచి ఉక్కు సీసాలో పోస్తారు. ఉక్కు గుండ్లు, కాల్షియం కార్బైడ్ ఉన్న గాజు గొట్టం అందులో వేసి మూత బిగించి ఊపుతారు. గొట్టం పగిలి, కార్బైడ్ గచ్చులోని నీటితో కలిసి ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడ్ ఇదే, వెల్డింగు షాపులో మండే వాయువు అదే. పది నిమిషాలకు మూత మీది మీటరులో పీడనం చూసి తేమ శాతం చదువుతారు. సిమెంటు గచ్చుకు 2 శాతం లోపు, నేల కింద వేడి గొట్టాలున్న గచ్చుకు 1.8 లోపు, జిప్సం గచ్చుకు 0.5 లోపు ఉండాలి. అమెరికాలో గచ్చుకు రంధ్రం చేసి లోపలి గాలి తేమ కొలిచే పద్ధతి ఎక్కువ.

తేమ తర్వాత మట్టం. రెండు మీటర్ల బారు పట్టీని నేల మీద ఆనిస్తే కింద 3 మిల్లీమీటర్లకు మించి ఖాళీ కనిపించకూడదు. ఎత్తులు రుద్దాలి, పల్లాలు సమం చేసే మిశ్రమంతో నింపాలి. రసమట్టంలో బుడగ మధ్యలో ఉందా లేదా అన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు. నేల కొద్దిగా వాలి ఉన్నా పర్వాలేదు, ఎగుడుదిగుడు ఉండకూడదు.

నేల కింద వేడి గొట్టాలున్న చలిదేశపు ఇళ్లలో ఓక్‌కు మంచి పేరుంది. బీచ్, మేపుల్ కలపలతో పోలిస్తే ఇది నిదానంగా స్పందిస్తుంది. చెక్క పైభాగం 27 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి.

పరిచే పద్ధతులు

తేలియాడే పద్ధతిలో బద్దలు ఒకదానికొకటి మాత్రమే లంకె పడతాయి, కింద పలచటి ఫోమ్ లేదా కార్క్ పొర ఉంటుంది. కార్క్ కూడా ఓక్ జాతి చెట్టు బెరడే. పని చవక, త్వరగా అవుతుంది, పాత టైల్స్ మీదా పరచవచ్చు. నడిస్తే మాత్రం డొల్ల చప్పుడు వస్తుంది, సానపట్టడం కష్టం.

మేకుల పద్ధతి అమెరికా, కెనడా ఇళ్లది. అక్కడ కింది నేల ప్లైవుడ్ కనుక గాలితో పనిచేసే మెషీనుతో నాలుక దగ్గర ఏటవాలుగా, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలకొక మేకు దించుతారు. తర్వాతి బద్ద గాడి ఆ మేకును దాచేస్తుంది. ప్లైవుడ్‌కు, సన్న బద్దకు మధ్య తేమ తేడా 4 శాతం దాటకూడదు, మూడంగుళాలు మించిన వెడల్పు బద్దకైతే 2 శాతం. టెక్సస్ లాంటి చోట్ల చాలా ఇళ్లు కాంక్రీటు పలక మీదే ఉంటాయి. అక్కడ జిగురు తప్పదు.

హెరింగ్‌బోన్, షెవ్రాన్ అల్లికలను ఎక్కువగా జిగురుతోనే వేస్తారు. హెరింగ్‌బోన్‌లో బద్ద కొసలు లంబంగా కోసి ఉంటాయి, ఒక బద్ద కొస పక్క బద్ద అంచుకు ఆనుతుంది. షెవ్రాన్‌లో కొసలు ఏటవాలుగా కోసి ఉండటంతో కొసకు కొస కలిసి మధ్యలో తిన్నని గీత పడుతుంది. బుట్ట అల్లికకు మరో షరతు: బద్ద పొడవు వెడల్పుకు సరిగ్గా ఇన్ని రెట్లు అని ఉండాలి, లేకపోతే చదరం మూసుకోదు.

హెరింగ్‌బోన్ ఎప్పుడూ గోడ నుంచి మొదలుపెట్టరు. గోడలు తిన్నగా ఉండవు. గది మధ్యలో, గుమ్మంలో నిలబడి చూస్తే కన్ను పోయే దారిలో, సుద్ద దారం కొట్టి గీత వేస్తారు. ప్లైవుడ్‌తో కోసిన లంబకోణ త్రిభుజం ఒకదాన్ని, దాని కొన గీత మీద పడేలా గచ్చుకు స్క్రూలతో బిగిస్తారు. మొదటి బద్దలు దాని రెండు అంచులకూ ఆనుకుని పరుచుకుంటాయి. బద్దల్లో ఎడమవి, కుడివి వేరు. నాలుక ఏ వైపుందో చూసి రెండు కుప్పలుగా ముందే పెట్టుకోవాలి. పళ్ల తాపీతో జిగురు, చదరపు మీటరుకు సుమారు కిలో చొప్పున, డబ్బా మీద రాసిన గడువులో కప్పేయగలిగినంత మేరకే పూస్తారు. అప్పుడప్పుడూ ఒక బద్దను ఎత్తి వెనక్కి తిప్పి చూడాలి. వీపు నిండా జిగురు అంటకపోతే కింద పల్లం ఉన్నట్టు. నాలుగైదు వరుసలయ్యాక ఆగి దారంతో సరిచూసుకోవాలి. ఇక్కడ అర మిల్లీమీటరు జరిగితే అవతలి గోడ చేరేసరికి అల్లిక కంటికి తెలిసేలా పక్కకు ఒరుగుతుంది. అలా కొంత పరిచి, జిగురు గట్టిపడ్డాక మర్నాడు త్రిభుజం తీసి ఆ ఖాళీ నింపుతారు.

నీటితో తయారైన చవక జిగుళ్లు చెక్కలోకే తేమ ఎక్కిస్తాయి, వెడల్పు బద్దలకు అవి పనికిరావు. సిలేన్, పాలీయురేథేన్ రకాలు సురక్షితం. సరుకు లెక్క వేసేటప్పుడు తిన్నని వరుసలకు 5 నుంచి 7 శాతం, అల్లికలకు 10 నుంచి 15 శాతం తరుగు కలపాలి. తలుపుల అడుగు అంచు ఎంత కోయాలో ముందే చూసుకోవాలి. ఇది మరిచిపోయి చివర్లో ప్రతి తలుపూ ఊడదీయడం ఈ పనిలో మామూలే.

సాన, పూత

పూత లేని బద్దలు పరిస్తే ముందు 40 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 60, ఆపైన 100 లేదా 120తో సానపడతారు. మధ్యలో ఒక నంబరు దాటేస్తే గీతలు పూత పడ్డాకే బయటపడతాయి. కలప ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గపు క్యాన్సర్ కారకంగా గుర్తించింది. మాస్కు లేకుండా ఈ పని చేయనివ్వకూడదు.

లక్కర్ పూత నేల మీద ఒక పొరగా నిలుస్తుంది. తుడవడం తేలిక, కానీ పాడైతే గది మొత్తం సానపట్టాలి. నూనె చెక్కలోకి ఇంకుతుంది, గీత పడిన చోట మాత్రమే బాగుచేసుకోవచ్చు. బదులుగా ఏడాది రెండేళ్లకోసారి మళ్లీ పట్టించాలి. అవిసె నూనె పూతలు వాడిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. వాటిని నీళ్లున్న రేకు డబ్బాలో వేయాలి.

తెలుగు ఇళ్లలో

భారత ప్రమాణాల సంస్థకు పార్కే పరచడం మీద ఐఎస్ 5389 అనే నియమావళి ఉంది. అయినా హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఓక్ పేరుతో పడేది ఎక్కువగా ల్యామినేటూ పలచటి వెనీరూనే. మే నెల మధ్యాహ్నం గాలి తేమ 30 శాతానికి దిగి, ఆగస్టు ఉదయం 80కి ఎక్కే ఊళ్లో వెడల్పు ఏకచెక్క బద్దలు వేయడం సాహసమే. పొరల చెక్క, సన్న బద్ద, పూర్తి జిగురు: ఈ మూడూ కలిస్తేనే నమ్మకం. విశాఖలో తేమ ఏడాదంతా ఎక్కువే కానీ మార్పు తక్కువ. అక్కడ ఏసీ వేసి ఆపే గదులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. నేలను ఆనుకున్న అంతస్తులో చెదల మందు, తేమ ఆపే పొర లేకుండా అసలు పరచకూడదు.

చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటు ఈ నేలకు దొరికిన వరం. గీతల్లో చాలావరకు చెప్పులకు అంటిన ఇసుకవే. బకెట్టు నీళ్లతో రోజూ తడిగుడ్డ పెట్టే అలవాటు శాపం. గుడ్డ పిండితే చుక్క రాలకూడదు, ఆవిరి మాపు అసలు వద్దు. నూనె పూత మీద పసుపు ఒలికితే మరక పడుతుంది, ఎండ తగిలే చోటైతే అదే కొన్నాళ్లకు వెలిసిపోతుంది. అమెరికాలో ఓక్ నేల ఉన్న ఇంట్లో గృహప్రవేశం చేసుకునే తెలుగువాళ్లు హోమగుండం కింద ఇటుకలు, వాటి కింద ఇసుక పోసిన రేకు పళ్లెం తప్పక పెట్టుకోవాలి.

మరమ్మతు

డొల్లగా మోగే బద్ద కిందికి సన్న రంధ్రం గుండా సూదితో జిగురు ఎక్కించవచ్చు. నీళ్లు తాగి అంచులు లేచిన నేలను వెంటనే సానపట్టకూడదు. ఆరాక బద్దలు చాలావరకు సర్దుకుంటాయి, అప్పుడు సానపట్టిన చోట పల్లం మిగిలిపోతుంది. పాత ఐరోపా ఇళ్లలో బద్దల కింద నల్లటి తారు జిగురు కనిపిస్తే కదిలించే ముందు ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి, అందులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది. పూర్తిగా చెడిన బద్దను మధ్యలో రంపంతో చీల్చి ఉలితో ముక్కలుగా తీస్తారు. కొత్త బద్దకు గాడి కింది పెదవి కోసేసి పైనుంచి దించి జిగురు పెడతారు. అందుకోసం మొదట పరిచినప్పుడు మిగిలిన బద్దలను ఒక పెట్టె నిండా ఇంట్లోనే దాచుకోవాలి. కొన్నేళ్ల తర్వాత అదే గాడి కొలతతో, అదే మందంతో బద్ద దొరకడం కష్టం.